పాట ఎట్లా ముగియాలి?

తిరుమలలో రోజూ రాత్రి ఆఖరున జరిగేది ఏకాంత సేవ. స్వామిని పాన్పు మీద పవళింపజేసేటప్పుడు తాళ్ళపాక వంశీకులు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని జనం చెప్పుకునేది ఈ సేవ గురించే. తాళ్ళపాక రాజంపేటను ఆనుకుని ఉన్న పల్లె, పాత కడప జిల్లా. తరిగొండ గుర్రంకొండ పక్కన ఉంటుంది. అంటే కోట్లమంది మొక్కే గుడిలో రోజును ముగించే పాట, ముగించే హారతి రెండూ ఈ మెట్ట సీమ నుంచే వెళ్లాయి.

అదే గుడిలో పొద్దున్నే పాడే సుప్రభాతం తెలియని తెలుగువాడు ఉండడు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డు వచ్చాక అది ఇంటింటి పాటైంది. రాత్రి పాడే లాలి ఎంతమందికి తెలుసు? మన సంగీతపు ముచ్చట్లన్నీ ఇట్లాగే మొదళ్ల చుట్టూ తిరుగుతాయి. పల్లవి ఎత్తుగడ బాగుందంటాం. సినిమా పాట గొప్పదనం చెప్పాలంటే మొదట వచ్చే వీణ బిట్టునో గిటారు బిట్టునో నోటితో వాయించి చూపిస్తాం. ఆ పాట ఎట్లా ముగిసిందని అడిగితే ఎక్కువమంది తడుముకుంటారు.

పాశ్చాత్య రాక్, పాప్ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందున్నారు. ఏ పాట ముగింపు గొప్పదని వాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదన కర్నూలు, కడప సీమకు పరాయిదేమీ కాదని నా నమ్మకం. పాటను ముగించే విద్య ఇక్కడ ఆరు వందల ఏళ్లుగా ఉంది, రకరకాలుగా ఉంది. దాన్ని ఆ కోణంలో కూర్చి చూసినవాళ్లే తక్కువ.

ముందు వాళ్ల సంగతి. 1968 ఆగస్టులో వచ్చిన బీటిల్స్ 'హే జూడ్' ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది. చరణాలన్నీ మూడు నిమిషాలు దాటేసరికే అయిపోతాయి. మిగిలిన నాలుగు నిమిషాలూ అర్థంతో పని లేని ఒకే పలుకు, ఒకే వరస, తిరిగి తిరిగి వస్తుంది. రికార్డింగుకు పిలిపించిన 36 మంది ఆర్కెస్ట్రా కళాకారులను వాయించడంతోపాటు చప్పట్లు కొట్టమన్నారు, గొంతు కలపమన్నారు. టీవీ కోసం చిత్రీకరించిన రోజు ప్రేక్షకులే వేదిక ఎక్కి పాడారు. మన భజన మందిరంలో ఒకసారి కూర్చున్నవాళ్లకు ఆ నాలుగు నిమిషాలూ కొత్తగా అనిపించవు. పాడేవాడు, వినేవాడు అన్న తేడా చెరిగిపోయే చోటు అది.

దానికి ముందు ఏడాది, 1967లో, అదే బృందం 'ఎ డే ఇన్ ద లైఫ్' పాటను ఇంకోలా ముగించింది. పలువురు కలిసి కొన్ని పియానోల మీద ఒకే స్వరాల గుంపును ఒక్కసారి గట్టిగా మోగించి వదిలేశారు. ఆ నాదం నలభై సెకన్లకు పైగా సన్నగిల్లుతూ పోతుంది. అది తగ్గేకొద్దీ ఇంజనీరు మైకుల శక్తిని పెంచుతూ పోయాడు. అందుకే చివర్లో గదిలోని చిన్న అలికిడి కూడా వినిపిస్తుంది. 1969లో జాన్ లెనన్ 'ఐ వాంట్ యూ' అనే పాటకు మూడో దారి పట్టాడు. గిటార్లు హోరెత్తుతుండగా టేపును అక్కడికక్కడ కోసేయమన్నాడు. మాట మధ్యలో మనిషి నోరు మూసినట్టు పాట ఆగిపోతుంది. మూడేళ్లలో, ఒకే బృందం నుంచి, మూడు రకాల ముగింపులు!

డెరెక్ అండ్ ద డొమినోస్ 'లైలా' (1970) సగానికి వచ్చేసరికి గిటారు ఆవేశమంతా దిగిపోయి పియానో అందుకుంటుంది. లినర్డ్ స్కినర్డ్ 'ఫ్రీ బర్డ్' (1973) మెల్లగా, ప్రార్థనలా మొదలై, రెండో సగంలో గిటార్ల పరుగు పందెంగా మారుతుంది. ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా' పాటలో మాటలు అయిపోయాక డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు ఒకదానికొకటి బదులు చెప్పుకుంటూ, చివరికి జంటగా సాగుతూ మెల్లగా వినబడకుండా పోతాయి. ఇవన్నీ విన్నాక ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. రాక్ సంగీతంలో పాట చివరికొచ్చేసరికి మాట తప్పుకుంటుంది. చోటంతా వాయిద్యానిది. చాలాచోట్ల పాడినవాడి ఊసే ఉండదు.

మన దగ్గర వ్యవహారం దాదాపు దీనికి ఎదురు. పాట చివరికొచ్చేసరికి మనిషి పేరు బయటికొస్తుంది, లేకపోతే దేవుడి పేరు వస్తుంది.

తాళ్ళపాక అన్నమాచార్యులతోనే మొదలుపెట్టాలి. 1408లో పుట్టి 1503లో కన్నుమూసిన ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. తిరుమల గుడిలోని అరలో రాగిరేకులు 1922లో బయటపడ్డాక మనకు చేరినవి పన్నెండు వేలకు పైచిలుకు. ఎక్కువ వాటి కట్టుబాటు ఒకటే. ఒక పల్లవి, మూడు చరణాలు, మూడో చరణంలో వేంకటేశుడి పేరు. దీన్నే ముద్ర అంటాం. త్యాగరాజు తన పేరునే ముద్రగా పెట్టుకున్నాడు. అన్నమయ్య తన పేరు పెట్టుకోలేదు, స్వామి పేరు పెట్టాడు. పాట ఎవరు రాశారో చెప్పాల్సిన చోట పాట ఎవరిదో చెప్పాడు.

ఈ మూడో చరణం సంతకం కోసమే పెట్టిందనుకుంటే అన్నమయ్య మనకు సగమే అందినట్టు. ఆయన అహోబిలంలో శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. అహోబిల నరసింహుడి మీద, దేవుని కడప రాయడి మీద, ఇంకా దారిలో తగిలిన ఎందరో ఊరి దేవుళ్ల మీద పాడాడు. పల్లవిలో నరసింహుడు గర్జిస్తుంటాడు. రెండు చరణాల్లో గోళ్లు, జూలు, ప్రహ్లాదుడు. మూడో చరణంలో ఆ నరసింహుడు వేంకటాద్రి మీద తేలతాడు. ఊరూరి దేవుడినీ ఒక్క కొండకు చేర్చే పని ఆ ఒక్క చరణమే చేస్తుంది. శృంగార సంకీర్తనల్లో ఇంకా చిత్రంగా ఉంటుంది. పల్లవి నుంచి రెండో చరణం దాకా నాయిక అలకలో ఉంటుంది, ఎత్తిపొడుస్తుంది, చెలికత్తెతో మొర పెట్టుకుంటుంది. మూడో చరణంలో శ్రీవేంకటేశుడు వచ్చి కూడుతాడు. అంతవరకు నడిచిన తగవు ముద్ర పడిన పాదంలోనే తీరుతుంది. అట్లా కథ ముగియడం, రాగం ముగియడం, సంతకం పడటం మూడూ ఒకేచోట జరుగుతాయి. ఇంత చిన్న చోటులో ఇంత పని చేసే ముగింపు ప్రపంచ సంగీతంలో నాకు మరొకటి కనబడలేదు.

దీంట్లో ఒక బాధ కూడా ఉంది. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. వరస లేదు. మూడో చరణాన్ని అన్నమయ్య ఎట్లా పాడేవాడో, పల్లవికి ఎట్లా తిరిగొచ్చేవాడో, ఎక్కడ ఆపేవాడో మనకు దక్కలేదు. ఈ రోజు మనం వినే బాణీలు దాదాపు అన్నీ 20వ శతాబ్దం నుంచి కట్టినవే. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ పనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఆయన తర్వాత ఎందరో గొప్పగా స్వరపరిచారు. అయినా కచేరీల్లో అన్నమయ్య కీర్తన చాలాసార్లు రెండు చరణాలకే పరిమితమవుతుంది. సమయం చాలక కత్తిరించాల్సి వస్తే మధ్య చరణం వదిలేసి ముద్ర చరణం పాడేవాళ్లు తెలివైనవాళ్లు. మూడోదాన్ని వదిలేస్తే అలిగిన నాయికను ఎప్పటికీ అట్లాగే నిలబెట్టి వచ్చినట్టే.

కర్నూలు జిల్లాకు పడమటి అంచున, గుంతకల్లు దాపున, చిప్పగిరి ఉంది. హరిదాసుల్లో పెద్దవాడైన విజయదాసు 1755లో కన్నుమూసింది అక్కడే. ఆయన కన్నడ పాటలు 'విజయ విఠల' అన్న అంకితంతో ముగుస్తాయి. అంకితం అంటే వాళ్ల సంప్రదాయంలో ముద్ర. కలలో పురందరదాసు కనబడి ఆ పేరు ఇచ్చాడని భక్తులు నమ్ముతారు. తర్వాత తన శిష్యులకు ఆయన అంకితాలు ఇచ్చాడు. అంటే పాట చివర పెట్టుకునే పేరు కూడా గురువు ఇస్తేనే. ఆదోని, మంత్రాలయం వైపు భజనల్లో తెలుగు ముద్రలు, కన్నడ అంకితాలు ఒకే రాత్రి ఒకదాని వెనుక ఒకటి వినిపించడం ఆ ప్రాంతపు అదృష్టం.

పద్యంలో ఇదే పని చేసేది మకుటం. వేమన ఆటవెలదిలో ప్రతిసారీ నాలుగో పాదం ఒకటే. అందుకే పద్యం మొత్తం రానివాడు కూడా ఆఖరి పాదానికి గొంతు కలపగలడు. కడపలో నివాసమున్న సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. వాటిని పోగేయడంలో ఆయన పడిన ఇబ్బంది కూడా మకుటంతోనే. మొదటి మూడు పాదాలు ఎవరైనా అల్లి, ఆ నాలుగో పాదం తగిలిస్తే వేమన పద్యమైపోతుంది. ఏవి వేమనవో, ఏవి కావో ఈనాటికీ తేలలేదు. ముగింపు ఎంత బలంగా ఉంటే అంత తేలిగ్గా పరుల చేతికి పోతుందన్నమాట. కందిమల్లాయపల్లె, బనగానపల్లె చుట్టుపక్కల పాడే బ్రహ్మంగారి తత్వాలకూ ఇదే జరిగింది. కాలజ్ఞానంలో లేని మాటలు కూడా ఆయన పేరుతో ముగించేస్తే చెల్లుబాటైపోతున్నాయి.

పేరుతో ముగించే పద్ధతికి యంత్రం కూడా ఒకప్పుడు తలవంచింది. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డులు తీసినప్పుడు గౌహర్ జాన్ మూడు నిమిషాల పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్లకు ఏ మైనపు పలక ఎవరిదో తెలియాలి కదా. ఫ్యాక్టరీ అవసరం కోసం పుట్టిన ఆ కేక ఆమె ముద్ర అయి కూర్చుంది. ఈ రోజు కడప పల్లెల్లో జాతరకు వచ్చే డీజే పాటల్లోనూ పేరు వినిపిస్తుంది, రీమిక్స్ చేసినవాడి పేరు. అయితే అది పాట మొదట్లో, మధ్యలో, ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది. ముద్ర చోటు మారింది. వినేవాడు పాటంతా విన్నాక చెవిన పడాల్సిన పేరు వినకముందే అరిచి చెప్పే పేరైంది. నాకు ఇది నచ్చదు.

రెండో పెద్ద దారి వేగం. చెక్కభజన చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో రామాలయం ముందు కళ్లాపి చల్లిన నేల మీద జట్టు గుండ్రంగా నిలబడుతుంది. చేతుల్లో తాళపు బిళ్లలు బిగించిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. మొదట అడుగు నిదానం. రామాయణంలోని ఘట్టమో, కృష్ణుడి అల్లరో మెల్లగా సాగుతుంది. పాట నడుస్తుండగా గురువు సైగ చేస్తే అడుగు మారుతుంది, వరస బిగుస్తుంది. ఆఖరుకొచ్చేసరికి మాటలు కుదించుకుపోతాయి. పూర్తి పాదం పాడే తీరిక ఉండదు, పాదంలో చివరి మాట ఒక్కటే మిగులుతుంది. చెక్కల చప్పుడు, గజ్జెల చప్పుడు, డోలు ఒక్కటైపోతాయి. ఇక ఒక్క అడుగు కూడా తొందరగా వేయలేరనుకున్న క్షణంలో అందరూ ఒకేసారి ఆగుతారు. ఆ వెంటనే జేజేలు. ఒక్క చెక్క కూడా ఆలస్యంగా మోగకూడదు. ఆ ఆగడం కోసమే వాళ్లు నెలల తరబడి రాత్రిపూట సాధన చేస్తారు. మంచి జట్టుకూ మామూలు జట్టుకూ తేడా ఆ ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుంది, పదహారు మంది ఒక్కటిగా ఆగడమే విద్య.

'ఆర్.ఆర్.ఆర్.' (2022) సినిమాలోని 'నాటు నాటు' ఈ విద్యను ప్రపంచానికి చూపించింది. కీరవాణి బాణీ, చంద్రబోస్ సాహిత్యం, ప్రేమ్ రక్షిత్ అడుగులు. 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్నప్పుడు అందరూ దాని ఊపు గురించి మాట్లాడారు. నేను దాని ముగింపు గురించి మాట్లాడతాను. పాట ఒక దశ తర్వాత పందెమవుతుంది. వేగం పెరుగుతుంటే ఎదుటివాళ్లు ఒక్కొక్కరే కూలబడతారు. చివరికి ఇద్దరు మిగిలితే వాళ్లలో ఒకరు కావాలనే ఓడిపోతారు. ఇది 'ఫ్రీ బర్డ్' గిటార్ల పరుగుకు చుట్టం. అంతకంటే దగ్గరి చుట్టం మన చెక్కభజన. వేగంతో ముగిసే పాటలో ఒళ్లు అలసిపోవడం కూడా సంగీతంలో భాగమే అని ఆ పాట ఎరుగును. అందులో నన్ను కదిలించేది పరుగు కాదు, స్నేహితుడి కోసం ఒకడు పడిపోవడం. వేగాన్ని కథగా మలిచిన ముగింపు అది.

కడప పెద్ద దర్గాలో ఉరుసు రాత్రుల్లో వినిపించే ఖవ్వాలీకి కూడా ఇదే నడక. ఒక్క మాటను పట్టుకుని తిప్పి తిప్పి, చప్పట్ల జోరు పెంచి, మనసు తూలే అంచుదాకా తీసుకుపోయి దించుతారు. ఎ.ఆర్. రెహమాన్ ఆ దర్గాకు ఏళ్ల తరబడి వస్తున్నాడు. రామాలయం ముందు చెక్కభజన, దర్గాలో ఖవ్వాలీ ఒకదానికొకటి తెలియకుండానే ఒకే పద్ధతిలో ముగుస్తాయి.

పద్యనాటకం సంగతి వేరు, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస కుటుంబం 'కీచక వధ' ఆడింది. సురభి నాటక సమాజాల పుట్టుక అదే, ఆ ఊరి పేరే వాటి పేరైంది. విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని నమ్మే ఈ సీమలో తొలి నాటకం కూడా విరాటపర్వం కథే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో 'హరిశ్చంద్ర', 'పాండవోద్యోగం' ఆడని ఊరు లేదు. పద్యనాటకంలో పద్యం నాలుగు పాదాల్లో ముగిసినా పాట ముగియదు. ఆఖరి పాదం చివరి అక్షరాన్ని పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. పైకి వెళ్తాడు, నిలబడతాడు, గమకాలతో కిందికి జారతాడు, ఊపిరి అయిపోతోందనుకుంటే మళ్లీ లేస్తాడు. హార్మోనియం అడుగడుగునా వెంటపడుతుంది. నటుడు ఊపిరి తీసుకునే సందులో హార్మోనిస్టు తన విద్య చూపిస్తాడు. ప్రేక్షకుడు 'వన్స్ మోర్' అన్నాడంటే పద్యం మొత్తం మళ్లీ పాడాల్సిందే.

'హోటల్ కాలిఫోర్నియా' చివర రెండు గిటార్లు చేసేదీ, హరిశ్చంద్రుడి గొంతూ హార్మోనియం చేసేదీ నా దృష్టిలో ఒకటే. ఒకరినొకరు వదిలిపెట్టరు, ఒకరినొకరు మించిపోరు. అయితే నాటకంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని పెద్దలు ఎప్పుడో చెప్పారు. రాగం సాగేకొద్దీ పద్యం అర్థం వెనక్కి పోతుంది. కాటిలో కొడుకు శవం ముందు నిలబడిన తల్లి, రాయబారానికి వచ్చిన కృష్ణుడు ఒకే తీరుగా రాగం లాగితే అది గొంతుకు గొప్ప, పాత్రకు చేటు. నా అభిప్రాయం ఇది: దుఃఖం చెప్పే పద్యానికి రాగం ఎంత పొడవున్నా నిలుస్తుంది, ఎందుకంటే ఏడుపు కూడా మాట అయిపోయాకే సాగుతుంది. వాదన చెప్పే పద్యానికి పొడవు పనికిరాదు. కృష్ణుడు దుర్యోధనుడికి హెచ్చరిక చెప్పి ఆగాలి. ఆ నిశ్శబ్దమే బెదిరింపు.

వీరగాథల్లో ఇంకో చిక్కు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయన మీద రేనాటి పల్లెల్లో పుట్టిన పాట ఆ ఉరితో ముగియాలి. కానీ పల్లవిలో ఉన్నది ఆయన పేరే. ఉరి తీసిన చరణం అయిపోగానే పాడేవాడు పల్లవికి రావాలి, పల్లవికి వస్తే పేరు మళ్లీ పలకాలి. కథలో చనిపోయినవాడు పాట కట్టుబాటు వల్ల లేచి నిలబడతాడు. జనం ఆ పాటను నూట డెబ్భై ఏళ్లకు పైగా మోయడానికి ఇదొక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పని పాటలకు, మొక్కు పాటలకు సంగీతపు ముగింపే ఉండదు. కలుపు తీసేవాళ్ల పాట సాలు అయిపోతే అయిపోతుంది. చెనిక్కాయలు ఒలిచే పాట కుప్ప తరిగితే ఆగుతుంది. వాన కోసం రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పే కప్పతల్లి పాటను ముగించేది ఆ ఇంటి ఇల్లాలు. ఆమె బిందెడు నీళ్లు కప్ప మీద కుమ్మరించి, చేటలో గింజలు పెడితే పాట అక్కడికి సరి. తర్వాతి ఇంటి ముందు మళ్లీ మొదలు.

సినిమా పాటకు వస్తే ముందుగా తలచుకోవాల్సింది 1980లో విడుదలైన 'శంకరాభరణం'. కె. విశ్వనాథ్ దర్శకత్వం, కె.వి. మహదేవన్ సంగీతం. చివరి కచేరీలో శంకరశాస్త్రి పాడుతూ పాడుతూ కూలిపోతాడు. పాట సగంలో ఆగుతుంది. శిష్యుడైన పిల్లవాడు వెనక నుంచి అందుకుని పూర్తి చేస్తాడు. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఆగిన చోట వాణీ జయరాం గొంతు మొదలవుతుంది. పాటను ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లిపోవడం అనే ముగింపును తెలుగు తెర మీద ఇంత సూటిగా చూపిన సన్నివేశం ఇంకోటి లేదు. 1997లో రాఘవేంద్రరావు తీసిన 'అన్నమయ్య' కూడా ముగింపు పాటను నమ్ముకున్న సినిమానే. కీరవాణి అక్కడ అన్నమయ్య కీర్తన 'అంతర్యామి'ని ఆఖరుకు నిలబెట్టాడు. థియేటరులో జనం లేచి వెళ్లిపోయే సమయానికి జనాన్ని కూర్చోబెట్టిన పాట అది.

ఇక మెల్లగా సన్నగిల్లి మాయమయ్యే పద్ధతి, ఫేడ్ అవుట్. దీన్ని రికార్డింగు గదులు 1950ల నుంచి విరివిగా వాడాయి. మీట కిందికి జరిపితే చాలు, పాటకు ముగింపు కట్టే శ్రమ ఉండదు. మన సినిమా యుగళగీతాల్లోనూ చాలా వాటికి ఇదే గతి. పల్లవి రెండుసార్లు తిరిగి, మూడోసారి సన్నగా జారిపోతుంది. నా తీర్పు చెబుతాను: నూటికి తొంభై పాటల్లో ఇది బద్ధకం. పాట సాగుతూనే ఉంది, మనమే దూరం వెళ్లాం అనిపించేలా చేసినప్పుడు మాత్రం దీని విలువ తెలుస్తుంది. ఇంగ్లండుకు చెందిన హోల్స్ట్ తన 'గ్రహాలు' స్వరరచన చివర ఆడవాళ్ల గాయకబృందాన్ని పక్కగదిలో ఉంచి, తలుపును మెల్లగా మూయమని రాసిపెట్టాడు. మీట లేని రోజుల్లో, 1918 నాటికే, మనుషులతో చేయించిన ఫేడ్ అవుట్ అది. మన ఊళ్లో ఊరేగింపు భజన వీధి మలుపు తిరిగిపోతుంటే ఇంట్లో పడుకున్నవాడికి వినిపించేదీ అదే. అక్కడ పాట ఎవరూ తగ్గించలేదు, దేవుడు ముందుకు వెళ్లాడు.

సన్నగిల్లడం కన్నా పెద్ద దెబ్బ కోత. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయ్యాక ఈ సీమలో మూడు తరాలు పాటలు దాని ద్వారానే విన్నాయి. దానికి రుణపడి ఉన్నాం. కానీ వార్తల వేళ అయితే పాట ఎక్కడున్నా ఆగాల్సిందే. క్యాసెట్ల రోజుల్లో ఒక వైపు ముప్పై నిమిషాలు నిండితే చివరి పాట సగంలో టక్కున తెగేది. ఆ తెగిన చోటే పాట ముగింపు అనుకుని పెరిగిన పిల్లలు ఉన్నారు. అయినా రేడియో, క్యాసెట్ చేసిన కోత గత్యంతరం లేక చేసింది. ఫోన్లో రీల్ చేసే కోత అట్లాంటిది కాదు. అర నిమిషం ముక్కను పట్టుకుని అదే పాట అనుకోమంటోంది. ఆ ముక్క ఎప్పుడూ పల్లవి నుంచో, మధ్య ఊపు నుంచో వస్తుంది. ముద్ర చరణం నుంచి రాదు. చెక్కభజన వీడియోలు కూడా ఇప్పుడు వేగం అందుకున్న దగ్గర మొదలై, అందరూ ఆగే క్షణానికి ముందే తెగిపోతున్నాయి. నెలల సాధన దేని కోసమో అదే కనబడకుండా పోతోంది.

అందరి ముగింపులూ విన్నాక ఏది గొప్పదంటే నేను దాచుకోను. 'ఎ డే ఇన్ ద లైఫ్' ఆఖరి నాదం ముందు నేను ఈనాటికీ చేతులు కట్టుకుని కూర్చుంటాను. కానీ రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే చెక్కభజన జట్టు ఆగే ఆ క్షణాన్ని ఉంచుకుంటాను. మాటలో ఎంచాల్సి వస్తే అన్నమయ్య మూడో చరణాన్ని.

కాబట్టి వినేవాళ్లకూ, వినిపించేవాళ్లకూ ఒక మనవి. మీ ఊళ్లో శ్రీరామనవమికో, జాతరకో చెక్కభజన జరిగితే ఫోన్ తీసి చిత్రించండి, జేజేలు అయ్యేదాకా ఆపకండి. జట్టు గురువు పేరు, ఊరి పేరు, ఎత్తుకున్న పాట పేరు ఆ వీడియో చివర చెప్పించండి. ముసలివాళ్లు వేసే అడుగులు తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. పిల్లలకు అన్నమయ్య కీర్తన నేర్పే టీచర్లు మూడో చరణం వదలకండి, పోటీలో సమయం తక్కువైతే రెండోదాన్ని వదలండి. కడప, కర్నూలు రేడియో కేంద్రాలు వారానికి ఒక్క అరగంటైనా ఈ సీమ పాటలను మొదటి నుంచి తుది దాకా, మధ్యలో మాట కలపకుండా వినిపించాలి. ఆ అరగంటకు సురభి వాళ్ల పద్యంతో మొదలుపెట్టినా చాలు.